మొదట చూసిన మనిషి

వెచ్చగా ఉంటుంది, కంగారు పడొద్దని సిస్టరు ముందే చెప్పింది. అయినా ఇంత వెచ్చదనం శాలిని ఊహించలేదు. ఎడమచేతి నరంలోకి ఎక్కుతున్న మందు మోచేతి దగ్గర కాసేపు ఆగి, భుజానికి పాకి, మెడ మీదుగా చెవుల వెనక్కి వెళ్ళి, ముఖమంతా పరుచుకుంది. మే నెల మధ్యాహ్నం బస్సులో ఇంజను పక్కన కూర్చున్నట్టుంది. కిటికీ బయట మాత్రం ఆగస్టు వాన. సన్నగా, చప్పుడు లేకుండా, నిండుగా పారుతున్న బందరు కాలువ ఎర్రనీళ్ళ మీద పడుతోంది. ఇంత పైనుంచి చూస్తే కాలువ కదులుతున్నట్టు ఉండదు, గట్టు మీది ఇళ్ళే మెల్లగా ఎగువకి పోతున్నట్టుంటుంది. ఈ ఆస్పత్రి కూడా పోతోందేమో. మంచం, సెలైను స్టాండు, పొట్ట మీద కట్టిన బెల్టు, ఆ బెల్టుకు తగిలించిన మిషనులోంచి టకటకమని వినబడుతున్న బిడ్డ గుండె, అన్నీ కలిసి బ్యారేజీ వైపు ఎదురీదుతున్నాయేమో. కళ్ళు మూసుకుంటే ఆ టకటక దగ్గరవుతుంది. తెరిస్తే దూరమవుతుంది. శాలిని మూసుకుంది.

ఫిట్స్ రాకుండా ఇచ్చే మందు ఇది. ఎక్కుతున్నంతసేపూ నిద్ర కాని నిద్ర ఒకటి కమ్ముకొస్తుంది. పిలిస్తే పలకొచ్చు, కానీ పలికిన గొంతు పక్కమంచం వాళ్ళదేమో అనిపిస్తుంది. ఇందాక రక్తం తీసుకెళ్ళారు. నిన్నా తీశారు, పొద్దున్నా తీశారు, ఇప్పుడు మళ్ళీ తీశారు. ఆ రిపోర్టు గంటలో వస్తుంది, అది చూసి చెప్తానంది డాక్టర్ నుస్రత్ గారు. ఆవిడ జుట్టు సగం నెరిసింది, మాట మాత్రం పక్కింటి పెద్దావిడ మాటలా ఉంటుంది. మంచం అంచున కూర్చుని, శాలిని వాచిన పాదాన్ని చేత్తో పట్టుకునే అంతా వివరించింది. కడుపుతో ఉన్న ప్రతి ఆడదానికీ రక్తం గడ్డకట్టే గుణం పెరుగుతుందట. కాన్పులో ఎక్కువ పోకుండా ఒళ్ళు తనంతట తనే ముందునుంచీ సిద్ధపడుతుందట. గడ్డలు కట్టి కరిగినప్పుడు మిగిలే నలుసులు రక్తంలో తిరుగుతుంటాయి, వాటిని కొలిచే పరీక్ష పేరు డీ-డైమర్, అది గర్భిణులందరికీ ఎంతో కొంత ఎక్కువే చూపిస్తుంది, ఆ ఒక్క అంకె చూసి ఎవరూ భయపడక్కర్లేదు. "నీకు మాత్రం అది నిన్నటికీ పొద్దుటికీ చాలా పెరిగిందమ్మా. ప్లేట్‌లెట్లేమో తగ్గుతున్నాయి. బీపీ దిగట్లేదు. మూడూ ఒకేసారి కనబడితే నాకు ఆగాలనిపించదు," అంది. ప్లేట్‌లెట్లు ఇక్కడితో నిలబడితే ఒకటి రెండు రోజులు ఆగొచ్చు, బిడ్డ ఊపిరితిత్తులకి ఇచ్చిన ఇంజక్షన్ బాగా పనిచేస్తుంది. ఇంకా పడిపోతే ఇవాళే ఆపరేషన్. మరీ పడిపోతే నడుముకి మత్తు ఇవ్వడం కుదరదు, లోపల రక్తం కారి ప్రమాదం. మనిషిని పూర్తిగా నిద్రపుచ్చే చెయ్యాలి.

ఆ నిద్ర మాట దగ్గరే శాలిని చిక్కుకుపోయింది. ఆపరేషనంటే భయం లేదు. సూదులంటే లేదు. ఎనిమిదో నెలలోనే బిడ్డ బయటికి రావాలంటే గుండె దడ పుట్టింది గానీ, గాజు పెట్టెలో పెట్టి చూసుకుంటాం, ఈ నెలలో పుట్టినవాళ్ళు మా దగ్గర బోలెడుమంది బతికి బట్టకట్టారని డాక్టరుగారు చెప్పాక ఆ దడ కొంచెం సర్దుకుంది. కానీ నిద్రపుచ్చుతారంటే వద్దనిపించింది. మెలకువతో ఉండాలి. బిడ్డ ఏడుపు వినాలి. అక్క నిద్రపోయింది. ఎంత పిలిచినా లేవలేదు.

పటమట, ఆటోనగర్, కానూరు. శాలిని నాలుక మీద స్టేజీల పేర్లు వాటంతటవే నడుస్తున్నాయి. పోరంకి, పెనమలూరు, గంగూరు, కంకిపాడు. ఆ రోడ్డు మీద పల్లెవెలుగు బస్సులో కండక్టరుగా తిరిగీ తిరిగీ, ఊళ్ళు ఆమెకి ఒక జపమాల అయిపోయాయి. పెళ్ళికి ముందు కంకిపాడులో అమ్మ ఇంటి నుంచి తిరిగింది, పెళ్ళయ్యాక పటమటలో ఫిన్నీ ఇంటి నుంచి తిరిగింది. ఫిన్నీ ఏసీలు బాగుచేస్తాడు, ఎండాకాలమంతా మనిషి ఇంట్లో ఉండడు, వానలు పడితే ఇంట్లోంచి కదలడు. ఆడవాళ్ళకి బస్సు ఉచితం చేసిన దగ్గర్నుంచి బస్సు బస్సంతా ఆడవాళ్ళే. సున్నా టికెట్లు కొడుతూ ముందుకీ వెనక్కీ ఒరుసుకుంటూ నడుస్తుంటే, ఆమె పొట్ట చూసి తలా ఒక చెయ్యి పట్టుకునేవాళ్ళు. కాళ్ళకి నీరొచ్చిందే, ఉప్పు తగ్గించు అనేది ఒకావిడ. నీరొస్తే ఆడపిల్ల అనేది ఇంకొకావిడ. కాదు, మగపిల్లాడికే వస్తుందని మూడో ఆవిడ, ఆ ఇద్దరూ గంగూరు దాటేదాకా వాదించుకునేవాళ్ళు. నీరు కాళ్ళకే ఆగలేదు. చేతులకొచ్చింది. ఉంగరం సబ్బు రాసి తియ్యాల్సొచ్చింది. తెల్లారి లేస్తే కనురెప్పలు బరువుగా ఉండేవి. నిలబడే ఉద్యోగం కదా అనుకుంది. సెలవు పెట్టి ఇంట్లో కూర్చున్నాక కూడా తగ్గలేదు. నిన్న పొద్దున తలనొప్పితో లేచి గుమ్మం దగ్గర నిలబడితే, ఎదురింటి గోడ మీద మిణుగురు పురుగులు. పట్టపగలు, వెండి రంగువి, ఎటు చూస్తే అటు. బాగున్నాయి కూడా. కాసేపు వాటిని చూస్తూ నిలబడింది. ఆ తర్వాత, ఇవి ఎవరో చెప్పగా విన్నవేనని గుర్తొచ్చి, గుమ్మం పట్టుకుని ఫిన్నీని కేకేసింది.

అక్క చెప్పింది. శాలూ, గోడ మీద మెరుపులు కనబడుతున్నాయే అంది అక్క. మంచం మీద పడుకుని, నుదుటికి అమ్మ వేసిన శొంఠి పట్టు ఎండి పగుళ్ళు తేలి ఉండగా, నవ్వుతూనే అంది. క్రిస్టినా అక్కకి నవ్వకుండా మాట రాదు. తొలికాన్పుకి పుట్టింటికి వచ్చింది. అక్కకి పొట్ట అడ్డమొచ్చి కాళ్ళు కనబడేవి కావు, అందుకని చెల్లెలు స్కూలు నుంచి రాగానే కాళ్ళ దగ్గర కూర్చోబెట్టుకునేది. అక్క పాదం మీద బొటనవేలితో నొక్కితే గుంట పడేది. వేలు తీసినా గుంట అలాగే ఉండేది. రొట్టెల పిండి మీద నొక్కినట్టు. ఒకటి, దాని పక్కన ఇంకొకటి, వరసగా చీలమండ దాకా గుంటలు చేసి, మొదటిది పూడేలోపు చివరిది చెయ్యాలని శాలిని పందెం పెట్టుకునేది. అక్క గిలిగింతలు పడి కాళ్ళు లాక్కునేది. అమ్మ చూసి నవ్వేది. నాన్న జాన్‌బాబు చూసి నవ్వేవాడు. ఇంటికొచ్చిన వాళ్ళంతా, మొదటి కాన్పు కదా, నీరు మామూలేనన్నారు. ఆ పాదం ఎంత మెత్తగా ఉండేదో. ఇప్పటికీ బొటనవేలికి ఆ మెత్తదనం తెలుస్తుంది. కిటికీలోంచి వస్తున్న వెలుతురులో శాలిని తన చెయ్యి చూసుకుంది. చెయ్యి ఎవరిదో లావుపాటి మనిషిదిలా ఉంది. దుప్పటి కింద పాదం కదిపింది. అదీ అక్క పాదమే అయ్యుంటుంది.

అక్కకి ఫిట్స్ వస్తే గుర్రపువాతం అన్నారు అప్పుడు. శాలినికి ఆ మాట వింటే గుర్రం కనబడేది. తెల్లటి గుర్రం ఒకటి కరకట్ట మీంచి దిగి, చెరుకుతోట పక్కగా పరిగెత్తుకొచ్చి, తమ ఇంటి వాకిట్లో నిలబడి, తల విదిలించి, అక్కని ఎక్కించుకుని వెళ్ళిపోయినట్టు. చాలా ఏళ్ళు అలాగే అనుకుంది. తను నెల తప్పి ఇక్కడికి మొదటిసారి వచ్చినప్పుడు, మీ ఇంట్లో ఎవరికైనా కడుపుతో ఉండగా బీపీ పెరిగిందా, ఫిట్స్ వచ్చాయా అని నుస్రత్ గారు అడిగితే, ఆ గుర్రపువాతం మాటే చెప్పింది. డాక్టరుగారు రాస్తున్న కలం ఆపి, అక్క గురించి అన్నీ అడిగింది. ఎన్నో నెల, తలనొప్పి ఎలా వచ్చింది, రక్తం ఎక్కువ పోయిందా. రక్తం ఆగలేదని పెద్దవాళ్ళు అనుకోగా విన్నానని శాలిని చెప్పింది. అన్నేళ్ళలో అక్క ఎలా పోయిందని ఒక మనిషి కూర్చుని అడగడం అదే మొదలు. అందరూ అయ్యో అన్నవాళ్ళే, అడిగినవాళ్ళు లేరు. తోబుట్టువుకి వచ్చింది కాబట్టి నీకూ వచ్చే అవకాశం కొంచెం ఎక్కువ, రాకపోవచ్చు కూడా, మనం కనిపెట్టుకుని ఉందాం అని, రాత్రిళ్ళు వేసుకోమని చిన్న ఆస్పిరిన్ మాత్ర రాసింది. ఆ మాత్ర ఒక్కరోజు మానలేదు. అయినా వచ్చింది. కానీ, మాత్ర వేసుకోకపోతే ఇంకా ముందే వచ్చేదేమో, ఐదో నెలలోనో ఆరో నెలలోనో, ఇంత దూరం లాక్కొచ్చావు చూడు అంది నుస్రత్ గారు నిన్న. లాక్కొచ్చావు అన్న ఆ మాట శాలినికి నచ్చింది.

టకటక, టకటక. లోపలున్నది ఒక్కసారి కాలు చాపి మళ్ళీ ముడుచుకుంది. హెప్సీ కూడా ఇలాగే తన్నేదట అక్క కడుపులో. హెప్సిబా. ఆ పేరుకి ఇష్టమైన పిల్ల అని అర్థమట, వాళ్ళ నాన్న జీవరత్నం పెట్టాడు. పెట్టి, రెండేళ్ళు తిరక్కుండా మంగళగిరిలో ఇంకో పెళ్ళి చేసుకుని, క్రిస్మస్‌కి బట్టలు పట్టుకొచ్చే మనిషిగా మిగిలాడు. పిల్ల అమ్మమ్మ దగ్గర పెరిగింది. అమ్మమ్మ పేరు తెరేసమ్మ. ఆవిడ మనవరాలిని ఎప్పుడూ ఒక్క మాట అనలేదు. కానీ ఆ పిల్ల పుట్టినరోజు పొద్దున్నే ఇంట్లో అందరూ స్నానాలు చేసి, పూలదండ, కొవ్వొత్తులు తీసుకుని సమాధుల తోటకి వెళ్ళేవాళ్ళు. తెరేసమ్మ కూతురి సమాధి మీద తల ఆనించి ఏడ్చేది. కొత్త గౌను వేసుకున్న పిల్ల కొవ్వొత్తి ఆరకుండా అరచెయ్యి అడ్డుపెట్టి నిలబడేది. సాయంత్రం కేకు తెచ్చినా, ఎవరి కళ్ళూ ఆరేవి కావు. ఏ ఏడాదో గుర్తులేదు, నాకు కేకు వద్దమ్మమ్మా అంది. సరేనన్నారు. అంతే, మానేశారు. అదేమిటని ఎవరూ అడగలేదు, శాలినీ అడగలేదు. ఇప్పుడు హెప్సీ డిగ్రీ చదువుతూ శాలిని ఇంట్లోనే ఉంటోంది. వంటింట్లో చెయ్యి సాయం చేస్తుంది, పాటలు వింటుంది, స్నేహితులతో నవ్వుతుంది. పిన్నికి కడుపని తెలిసిన దగ్గర్నుంచి మాత్రం మనిషి మారింది. పిన్ని బాత్రూంలోకి వెళ్తే తలుపు బయట నిలబడేది. రాత్రి మాత్ర వేసుకున్నావా అని అడిగి, వేసుకున్నానన్నా ఖాళీ అట్ట చూసేది. పొట్ట మీద చెయ్యి పెట్టి చూడవే, కదులుతోంది అంటే మాత్రం చెయ్యి వెనక్కి పెట్టుకునేది.

ఏదో చల్లటిది మోకాలికి తగిలింది. చిన్న సుత్తి. సిస్టరు మోకాలి మీద తట్టి కాలు ఎగరడం చూసింది. మందు ఎక్కువైతే కాలు ఎగరదట. పేరేంటో చెప్పండి అంది. శాలిని అని చెప్పింది. మీరిప్పుడు ఎక్కడున్నారు అంది. కానూరు దాటాం అని నోటి చివరిదాకా వచ్చింది, ఆపుకుని, ఆస్పత్రిలో అంది. రిపోర్టు ఇంకా రాలేదంది సిస్టరు అడక్కుండానే. మళ్ళీ వెచ్చదనం. చేతికి చుట్టిన బీపీ పట్టా దానంతటదే బిగిసి, ఆలోచిస్తున్నట్టు కాసేపు అలాగే ఉండి, నిట్టూర్చి వదిలేసింది. వాన పెద్దదైంది. కాలువ మీద చినుకుకో గుంట. పడుతున్నాయి, పూడుతున్నాయి. ఒకటి పూడేలోపు ఇంకొకటి.

తలుపు తోసుకుని హెప్సీ వచ్చింది. జుట్టు తడిసి నుదుటికి అంటుకుంది. రక్తం, ప్లేట్‌లెట్లు సిద్ధంగా ఉంచుకోమని డాక్టరుగారు చెబితే, పొద్దుననగా ఫిన్నీతో కలిసి బ్లడ్ బ్యాంకుకి వెళ్ళింది. వాళ్ళు ఇస్తారు గానీ, బదులుగా మనవాళ్ళు ఎవరైనా ఇవ్వాలి. నేనిస్తా బాబాయ్, నాదీ పిన్ని గ్రూపే అని తనే బయల్దేరింది. నిన్న రాత్రంతా ఇడ్లీలు, అరటిపండ్లు తిని, నీళ్ళు తాగి, పరీక్షకి వెళ్ళినట్టు తయారైంది. ఇప్పుడు మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, తడిసిన చున్నీ కొసలు పిండుకుంటోంది. వేలి చివర దూది అంటించి ఉంది. మోచేతి దగ్గర ఏమీ లేదు.

"ఇవ్వలేదా?" అంది శాలిని. నాలుక మందంగా తిరిగింది.

"తీసుకోలేదు పిన్నీ. హిమోగ్లోబిన్ తక్కువంట. నాకే ఎక్కించాల్సి వచ్చేలా ఉందంట, ఇంకొకళ్ళకి ఏమిస్తావమ్మా అన్నారు. గోంగూర తినమన్నారు."

శాలినికి నవ్వొచ్చింది. నవ్వితే పొట్ట మీది బెల్టు కదిలి, బిడ్డ గుండె చప్పుడు గరగరమంది. ఇద్దరూ ఉలిక్కిపడి మిషను వైపు చూశారు. మళ్ళీ టకటక కుదురుకుంది. బాబాయి స్నేహితులు ఇద్దరు వచ్చారని, వాళ్ళిచ్చారని, ప్లేట్‌లెట్లు తయారయ్యేదాకా బాబాయి అక్కడే ఉండి తీసుకొస్తాడని హెప్సీ చెప్పింది. చెప్పి, కిటికీ వైపు తిరిగి కూర్చుంది. వాళ్ళమ్మ వీపు కూడా ఇలాగే ఉండేది, సన్నగా, మెడ దగ్గర ఎముక పొడుచుకొచ్చి. కాసేపటికి ఆ వీపు మాట్లాడింది.

"నేను ఎవరి కాన్పు దగ్గరా ఉండకూడదు పిన్నీ. నన్ను ఇంటికి పంపించెయ్. అమ్మమ్మని పిలిపించు."

ఎందుకని శాలిని అడగలేదు. అడగాల్సిన పని లేదు. ఇన్నేళ్ళూ కొవ్వొత్తికి అరచెయ్యి అడ్డుపెట్టి నిలబడ్డ పిల్ల ఏమనుకుంటూ నిలబడిందో ఇప్పుడు తెలిసింది, తెలియడం కూడా వెచ్చగానే, మెల్లగానే ఎక్కింది. దూరంగా ఉన్న మాటల్ని ఒక్కొక్కటే చేత్తో అందుకుని దగ్గరికి లాక్కుంటున్నట్టు మాట్లాడింది. "ఇటు తిరుగు. నా కాలు చూడు. నొక్కు." హెప్సీ తిరిగింది, దుప్పటి తొలగించి, భయం భయంగా వేలితో నొక్కింది. గుంట పడింది. పూడలేదు. "మీ అమ్మ కాలూ ఇంతే. ఇదే జబ్బు. రక్తంలో వస్తుంది. నుస్రత్ గారు నాకు బొమ్మ వేసి చూపించింది, నీకూ చూపించమంటా. కడుపులో ఉన్నవాళ్ళు చేసేది కాదే ఇది. లోపల ఇదుందే, ఇప్పుడు నాకేమన్నా అయితే దీన్నంటావా నువ్వు?"

హెప్సీ వేలు గుంట మీదే ఉంది. అనను, అని తల అడ్డంగా ఊపింది. ఊపుతూనే ఆగిపోయి, అప్పుడే అర్థమైనట్టు పిన్ని ముఖం కేసి చూసింది. శాలిని ఆ పిల్ల చెయ్యి లాగి పొట్ట మీద పెట్టుకుంది. ఈసారి ఆ చెయ్యి వెనక్కి పోలేదు. లోపలున్నది కదలకుండా నిద్రపోతోంది, కావాలని చేసినట్టు. అయినా ఆ చెయ్యి అక్కడే ఉంది, తడిగా, చల్లగా, ఒళ్ళంతటి మీదా అక్కడొక్కచోటే హాయిగా.

నుస్రత్ గారు కాగితం చూసుకుంటూ వచ్చింది. ఆవిడ నడకలోనే తెలిసింది. ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయి. గడ్డకట్టే సరుకంతా ఒళ్ళు లోలోపలే వాడేస్తోంది, బిడ్డనీ మాయనీ బయటికి తీస్తే గానీ ఇది ఆగదు, ఇంక ఆగితే నీకూ మంచిది కాదు, బిడ్డకీ మంచిది కాదు అంది. థియేటర్ సిద్ధం చేయిస్తున్నాం, మీ ఆయనతో ఫోనులో మాట్లాడాను, ప్లేట్‌లెట్లు తీసుకుని బయల్దేరుతున్నాడంది. నడుముకిచ్చే మత్తు గురించి శాలిని అడిగింది. అడుగుతుంటే తన గొంతులో చిన్నపిల్ల ఏడుపు వినబడింది. డాక్టరుగారు కుదరదంది. కుదరదని చెప్పి వెళ్ళిపోకుండా, మంచం అంచున కూర్చుని, నిద్రలోకి వెళ్ళేటప్పుడు నేను నీ పక్కనే ఉంటాను, లేచేటప్పుడూ ఉంటాను అంది. మీ అక్కకి వచ్చింది నిద్ర కాదమ్మా, ఇది నిద్రే, అంది. శాలిని ఆ మాట పట్టుకుని కాసేపు పడుకుంది. ఆవిడ ఆ రెండు నిద్రల్నీ విడదీసి, దేన్ని ఎక్కడ పెట్టాలో అక్కడ పెట్టినట్టనిపించింది. సరేనంది.

బిడ్డని బయటికి తీయగానే పిల్లల డాక్టరు పైఅంతస్తుకి తీసుకెళ్తారని, వెళ్ళేముందు తలుపు దగ్గర ఇంటివాళ్ళకి ఒక్కసారి చూపిస్తారని, ఎవరుంటారని సిస్టరు అడిగింది. బిడ్డ నాన్న వచ్చేస్తాడుగా అంటూనే శాలిని గడియారం చూసింది. బెంజి సర్కిల్ దగ్గర వానలో బండ్లన్నీ ఆగిపోయాయని ఫిన్నీ అప్పుడే ఫోనులో చెప్పాడు. హెప్సీ గోడకి జరిగి నిలబడింది, తనని ఎవరూ చూడకపోతే బాగుండునన్నట్టు.

"ఈ అమ్మాయి ఉంటుంది," అంది శాలిని. తర్వాత హెప్సీతో అంది. "నేను చూడలేను కదా. నా బదులు నువ్వు చూడు. బాగా చూడు. నేను లేచాక అన్నీ చెప్పాలి నాకు."

హెప్సీ ఊఁ అంది.

స్ట్రెచర్ మీద పడుకుంటే పైకప్పు లైట్లు ఒక్కొక్కటే వెనక్కి పోతున్నాయి. రోడ్డు లైట్లు. ఆఖరి ట్రిప్పు. వానాకాలం సాయంత్రాలు పెనమలూరు దాటాక చెరుకు తోటల మీంచి తడి వాసన బస్సు కిటికీల్లోంచి లోపలికొచ్చి, అందరూ మాటలు ఆపేసేవాళ్ళు. డ్రైవరు కూడా హారను కొట్టేవాడు కాదు. చల్లటి గది. పచ్చ గుడ్డలు. నుస్రత్ గారి చెయ్యి నుదుటి మీద. ముక్కు మీద మాస్కు పెట్టి, గట్టిగా గాలి పీల్చమన్నారు. పీల్చింది. పోరంకి అనుకుంది. వదిలింది. పెనమలూరు. ఎవరో చివరి సీటులోంచి, కండక్టరమ్మా, గంగూరులో దింపండమ్మా అన్నారు. గంట కొట్టాలని తాడు కోసం చెయ్యి ఎత్తింది, చెయ్యి తేలిగ్గా ఎంతో పైకి లేచింది, తాడు ఇంకా పైనే ఉంది.

గొంతు మండుతోంది. మొదట తెలిసింది అదే. తర్వాత చేతికి పట్టా బిగియడం, తర్వాత పొట్ట మీద ఏదో బరువు, ఆ బరువు కింద ఖాళీ. టకటక లేదు. టకటక ఏదని లేవబోయింది. లేవకు శాలూ అన్నాడు ఫిన్నీ. అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి, చొక్కా ఇంకా తడిగానే ఉంది, నవ్వుతున్నాడు. ఆడపిల్ల అన్నాడు. చిన్నదే, కానీ ఊపిరి తనే తీసుకుంటోంది, ముక్కుకి సన్నటి గొట్టం పెట్టారంతే అన్నాడు. నుస్రత్ గారు వంగి కనురెప్ప ఎత్తి చూసి, లేచావు కదా అంది, అంతకుముందు జరిగిన మాటల్లో అది ఆఖరి మాట అయినట్టు. మళ్ళీ నిద్ర. మళ్ళీ మెలకువ. ఎప్పుడో మధ్యలో అమ్మ తెరేసమ్మ వచ్చింది, చేతిలో జపమాలతో, పాదాల దగ్గర కూర్చుని ఏడ్చి, కూతురు కళ్ళు తెరిచి చూస్తోందని గమనించి ఏడుపాపి, ఆ పాదాల్ని చీరకొంగుతో తుడుస్తూ కూర్చుంది. రక్తం అనుకున్నదానికంటే ఎక్కువే పోయిందట. ఫిన్నీ తెచ్చినవన్నీ ఎక్కించారట. ఆగిందట. ఇంకో రెండు మూడు రోజులు బీపీ మీద ఒక కన్ను వేసి ఉంచాలి, కాన్పుతోనే ఇది మాయమైపోదని డాక్టరుగారు అందరికీ చెప్పి వెళ్ళింది. తెల్లారాక వచ్చిన రిపోర్టులో ప్లేట్‌లెట్లు కొంచెం లేచాయి. కొంచెమే. అది చాలన్నట్టు ఫిన్నీ బల్ల మీద తల వాల్చి నిద్రపోయాడు.

వాన వెలిసి ఎండ వచ్చిన ఆ పొద్దుటి పూట హెప్సీ పక్కన కూర్చుని చెప్పింది. తలుపు తీసి పచ్చగుడ్డలో పట్టుకొచ్చారు పిన్నీ. ముందు నాకేమీ కనబడలేదు, కళ్ళలో నీళ్ళొచ్చేశాయి. ఆ సిస్టరు మంచిది, తుడుచుకునేదాకా ఆగింది. నలుపూ కాదు, తెలుపూ కాదు, గులాబీ రంగు. ఒళ్ళంతా సన్నటి నూగు. చెవులు ఇంకా మెత్తగా ఉన్నాయి, ఒకటి మడతపడితే సిస్టరు వేలితో సరిచేసింది. ఏడుపు పిల్లికూనలా ఉంది, కానీ ఆపదు. చెయ్యి ఇలా చాపింది, ఐదు వేళ్ళూ విప్పి, ఎవర్నో ఆగమన్నట్టు. హెప్సీ చెయ్యి చాపి చూపించింది. నేను నీ పేరు చెప్పాను పిన్నీ, మీ అమ్మ శాలిని, నిద్రపోతోంది, లేచాక వస్తుంది అని చెప్పాను. పిచ్చిదాన్లా. సిస్టరు నవ్వింది. చెప్పీ చెప్పీ, ఇంక చెప్పడానికేమీ మిగల్లేదన్నట్టు ఆగి, కింద నేల కేసి చూస్తూ అడిగింది.

"నన్నెవరు చూశారు పిన్నీ, మొదట?"

ఇరవయ్యేళ్ళలో ఆ ప్రశ్న ఆ ఇంట్లో ఎవరూ వెయ్యలేదు. ఆ రోజు గురించి చెప్పుకున్నదంతా అక్క గురించే. కాన్పయ్యాక రక్తం ఆగకపోతే కారు కోసం నాన్న పరిగెత్తడం, అక్కని వెనకసీట్లో పడుకోబెట్టుకుని అందరూ విజయవాడ వైపు వెళ్ళిపోవడం, రాత్రికి వాళ్ళు తిరిగి రావడం. ఈ మధ్యలో ఒక సాయంత్రం మొత్తం ఉంది. దాన్ని ఎవరూ అడగలేదు గనక శాలిని ఎవరికీ చెప్పలేదు.

"నేనే," అంది.

హెప్సీ తలెత్తింది.

"అందరూ అమ్మతో కార్లో వెళ్ళిపోయారు. కంకిపాడు ఆస్పత్రిలో నువ్వూ నేనూ మిగిలాం. నాకు పన్నెండేళ్ళు. ఆయా నిన్ను తెచ్చి నా ఒళ్ళో పెట్టి, తల పట్టుకో, పడేస్తావు అని చెప్పి వెళ్ళిపోయింది. వరండాలో బల్ల మీద కూర్చున్నాం, చీకటిపడేదాకా. నువ్వు ఏడవలేదు. ఒక కన్ను తెరిచి నన్ను చూశావు. రెండోది తెరవడానికి బద్ధకించావు. తర్వాత పెద్దదానిలా, నోరంతా తెరిచి ఆవులించావు. పుట్టి ఎంతసేపో కాలేదు, అప్పుడే విసుగొచ్చింది నీకు. నాకు నవ్వాగలేదే. ఒక్కదాన్నే కూర్చుని, పడీ పడీ నవ్వాను."

"నవ్వావా?" అంది హెప్సీ. "ఆ రోజా?"

"ఆ రోజే. నిన్ను చూసి."

బయట కాలువ గట్టు మీద ఎవరో బట్టలు ఉతుకుతున్న చప్పుడు, ఆగి ఆగి. హెప్సీ స్టూలు మంచానికి ఇంకా దగ్గరగా లాక్కుని, పరుపు మీద మోచేతులు ఆనించి, రెండు చేతుల్లో ముఖం పెట్టుకుంది.

"ఇంకా చెప్పు," అంది.